పంకా మీద పేరు

బరంపురం కూడళ్ళలో నిలబడ్డ ఇనుప బొమ్మల్లో కొన్ని నా చేతివే. మాది పప్పుల టోకు వ్యాపారం చేసుకునే కుటుంబం. తాతల నాటినుంచీ ఇక్కడే ఉన్నాం. ఇంట్లో తెలుగు, దుకాణంలో ఒడియా. ఆడపిల్ల నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెల్డింగు చెయ్యడమేమిటని మావాళ్ళు చాలా ఏళ్ళు మొహం చిట్లించుకున్నారు. పేపర్లో నా ఫోటో పడ్డాక చిట్లించడం మానేసి, వచ్చిన చుట్టాలకల్లా చూపించడం మొదలెట్టారు.

ఆ ఏడాది ఎండాకాలంలో టీవీ పెడితే చాలు, యుద్ధవిమానాలు. టీ కొట్ల దగ్గర పకోడీలు తినేవాళ్ళు కూడా ఏ విమానం ఎంత బాంబు మోస్తుందో వాదించుకుని కాలర్లు పట్టుకునేవారు. ఆ వేడిలోనే బజారు వర్తకులు, రిటైరైన సైనికులు కొందరు కలిసి కమిటీ వేశారు. యుద్ధాల్లో పోయిన వైమానికుల గుర్తుగా పెద్ద కూడలిలో ఒక యుద్ధవిమానం బొమ్మ నిలబెట్టాలని వాళ్ళ ఆలోచన. కార్యదర్శి నాకు చిన్నాన్న వరస. అందువల్ల పని నా షెడ్డు దాకా వచ్చింది.

కమిటీ అధ్యక్షుడు దిగపహండి వైపు పల్లెలో పుట్టిన తెలుగాయన. డెబ్భై ఒకటి యుద్ధంలో ఫైటర్ విమానం నడిపిన మనిషి. అందరూ సారు అనేవారు. డెబ్భై అయిదు దాటినా నిటారుగా నడిచేవారు, చేతికర్ర ఊరికే పట్టుకునేవారు. ఎడమ చెవి వినపడదు. మొదటి మీటింగులో నేను గీసిన బొమ్మ చూపించాను. ముక్కు ఆకాశంలోకి ఎత్తి, రెక్కల కింద ఫిరంగులతో పైకి లేస్తున్న విమానం. అందరూ చప్పట్లు కొట్టారు. ఫిరంగుల మూతుల దగ్గర ఎర్ర లైట్లు పెట్టి, అవి వెలిగి ఆరుతూ కాలుస్తున్నట్టు ఉండాలన్నాడు చిన్నాన్న.

"లైట్లు వద్దు," అన్నారు సారు.

కొన్నాళ్ళకి పొడంపేట బెస్తవాళ్ళ వలకి ఒక విమానం తగిలిందని కబురొచ్చింది. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో చిన్న ఊరది. వాళ్ళదీ మన తెలుగే. చిన్నాన్న ఎగిరి గంతేశాడు. అసలు విమానం ముక్క ఒక్కటైనా మన బొమ్మలో ఉంటే ఇంక చూసుకోనక్కర్లేదన్నాడు. మర్నాడు పొద్దున్నే సారు, నేను, చిన్నాన్న కారులో బయల్దేరాం.

ఇసకలో ఊరంతా పోగై ఉంది. విమానం అంటే విమానం కాదు. ముక్కున తిరిగే మూడు రెక్కల పంకా, దాని వెనక గుల్లలు పట్టిపోయిన ఇంజను, రెక్క తాలూకు చినిగిన రేకు కొంత. పంకా రెక్కల్లో ఒకటి వెనక్కి వంగిపోయి ఉంది. నీళ్ళని గుద్దుకున్నపుడు అలా వంగుతుందని సారు చెప్పారు. జపాను వాళ్ళతో ఇంగ్లీషు వాళ్ళు కొట్టుకున్న నాటిదట. నడిపినవాడెవడో, ఏ దేశపు బిడ్డో ఎవరికీ తెలీదు. దాన్ని గట్టుకి లాగడానికి నాలుగు పడవలు కట్టారు. లాగుతుంటే తాడు తెగి ఒకడి మూతికి తగిలింది. వాడు రక్తం ఓడే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, మా వెనకే నిలబడి, నవ్వుతూ చూస్తున్నాడు.

వల ఎవరిదో ఆ పడవ యజమాని కొంచెం అవతల గొంతుక్కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళ బలమైన మనిషి. పక్కన అతని తమ్ముడు. వాళ్ళ ముందు తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుపోయిన ముద్ద ఒకటి ఉంది. ఇత్తడి తొడుగుల అంచులు ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. అతను ఉలి ఆనించి సుత్తితో కొడుతూ, ఒక్కొక్కటీ విడదీస్తున్నాడు.

సారు ముందు చూళ్ళేదు. చూడగానే ఆయన గొంతు మారిపోయింది.

"వదిలెయ్! ముట్టుకోకు! అవి ఫిరంగి గుళ్ళు!"

అతను తలెత్తి చూశాడు. పళ్ళన్నీ కనపడేట్టు నవ్వాడు.

"మా తాతల కాలం నుంచీ నీల్లల్లో నానిపోనాది. ఇంకేటి పేల్తాది బాబూ!"

సారు కర్ర పారేసి పరిగెత్తారు. ఇసకలో కాళ్ళు కూరుకుపోయి ముందుకి పడ్డారు. అతను సుత్తి దించాడు.

చప్పుడు నేననుకున్నంత పెద్దది కాదు. పెళ్ళిలో కాల్చే ఔటులాంటిది. ఇసక లేచి కళ్ళల్లో పడింది. నేను కళ్ళు నులుముకుని చూసేసరికి అతను ఇంకా కూర్చునే ఉన్నాడు. సుత్తి పట్టుకున్న చెయ్యి మణికట్టు దగ్గర్నుంచి లేదు. కడుపు మీద లుంగీ చిరిగి, లోపలిది బయటికొచ్చింది. అతను దాన్ని ఉన్న చేత్తో లోపలికి తోసుకోబోయి, పక్కకి ఒరిగాడు. తమ్ముడు మొహం రెండు చేతుల్తో మూసుకుని అరుస్తున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం మోచేతుల దాకా కారుతోంది.

జనం చెల్లాచెదురైపోయారు. ఒక ఆడమనిషి మాత్రం ఎదురొచ్చే జనాన్ని భుజాలతో గుద్దుకుంటూ వచ్చింది. అతని పెళ్ళాం. వచ్చి అతని తల ఒళ్ళో పెట్టుకుంది. ఏడవలేదు. "లెగు, లెగు," అని చెంపల మీద కొడుతోంది.

సారు మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి, చొక్కా విప్పి ముద్దచేసి కడుపు మీద అదిమిపెట్టారు. నా చున్నీ లాక్కుని తెగిన చెయ్యి పైన బిగించి కట్టారు. ఎక్కడ అదిమితే అక్కడ వేళ్ళ మధ్యనుంచి రక్తం పైకి వస్తోంది.

కారులో వెనక సీట్లో అతన్ని పడుకోబెట్టాం. తలవైపు పెళ్ళాం, కాళ్ళవైపు సారు. ముందు సీట్లో నేనూ, నా పక్కనే ఇరుక్కుని తమ్ముడూ. చిన్నాన్న నడిపాడు. గుంతల్లో బండి ఎగిరినపుడల్లా అతను "అమ్మా" అనేవాడు. గంజాం ఊరు దాటాక అనడం మానేశాడు. ఆమె మాత్రం మాట్లాడుతూనే ఉంది, వల ఎక్కడ పెట్టావని, ఎవరికో ఇవ్వాల్సిన తెడ్డు ఇచ్చావా అని. దారిలోని ఆస్పత్రి గేటు దగ్గర డాక్టరు తొంగిచూసి తల అడ్డంగా తిప్పాడు.

ఆమె డాక్టరు చొక్కా పట్టుకుంది. "లోనకి తీసుకెల్లకండానే ఏటి తెలుస్తాది నీకు?" అని గుంజింది. గుండీలు తెగి కిందపడ్డాయి. నేనూ, ఒక నర్సూ కలిసి ఆమెని విడదీశాం. ఆమె గోళ్ళు నా ముంజేతి మీద గీరిన చారలు చాలాకాలం ఉన్నాయి.

తమ్ముడికి ఎడమ కన్ను పోయింది.

మేం ముగ్గురం తిరిగి వచ్చేటపుడు సారు బనీనుతోనే కూర్చున్నారు. రక్తం ఎండి చేతులు నల్లబడ్డాయి. వాటినే చూసుకుంటున్నారు. రంభ దాటాక కాబోలు, నేను అడక్కుండానే అన్నారు.

"ఈ గుళ్ళు చేసే పని నేనింత దగ్గర్నుంచి ఎప్పుడూ చూళ్ళేదమ్మా."

అసలు మేం పోవాల్సింది రంభ వైపే కాదని తర్వాత గుర్తొచ్చింది. చిన్నాన్న హైవే మీద బరంపురం వైపు తిరగాల్సింది కలకత్తా వైపు తిరిగాడు. ఎవ్వరం గమనించలేదు. చిల్కా నీళ్ళు కనపడ్డాక బండి వెనక్కి తిప్పాం.

పోలీసులొచ్చారు, బాంబుల వాళ్ళొచ్చారు. మిగిలిన గుళ్ళని ఇసకలో గొయ్యితీసి పేల్చేశారు. కాగితాలన్నీ అయ్యాక, పంకా నా షెడ్డుకి చేరింది. దాని చుట్టూ విమానం కట్టడం మొదలుపెట్టాను. వంగిన రెక్కని సాగగొట్టి సరిచెయ్యమన్నాడు చిన్నాన్న. నేను సుత్తి ఎత్తాను గానీ కొట్టలేకపోయాను. అలాగే ఉంచేశాను.

ఒకరోజు పొద్దున్న ఆ పడవ యజమాని భార్య వచ్చింది. మరిది తోడొచ్చాడు. కంటి మీద గుడ్డ కట్టు. ఆమె పంకా దగ్గరకెళ్ళి ఒక్కో రెక్కా చేత్తో తడిమింది.

"ఈ బొమ్మ ఎవుల కోసం సేత్తన్నారమ్మా?"

"యుద్ధంలో చనిపోయిన వాళ్ళ కోసం."

"మావోడూ దాని మందుగుండుకే కదా పోనాడు. ఈ పంకా మీద ఆయన పేరు ఎట్టండి. ఇంకేటీ అడగను."

నాకది న్యాయంగానే తోచింది. కమిటీలో చెప్తానన్నాను. మీటింగు చిన్నాన్న దుకాణం మేడ మీద జరిగింది. నేను చెప్పడం పూర్తవకుండానే చిన్నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మాయ్, నీకు జాలెక్కువ. ఇది వీరుల స్మారకం. ఇత్తడికి ఆశపడి తుక్కు కొట్టుకుంటూ పోయినోడి పేరు వీరుల పక్కన రాస్తారా ఎవరైనా? రేపు కరెంటు షాక్ కొట్టి పోయినోడి పేరూ రాయమంటావు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. సారు లేచారు. ఏదో మాట్లాడతారనుకున్నాం. చేతికర్ర గాల్లోకి లేచి చిన్నాన్న నుదుటి మీద పడింది. మళ్ళీ లేచింది. రెండో దెబ్బకి కనుబొమ్మ చిట్లింది. రక్తం పప్పుల శాంపిళ్ళ పళ్ళేల్లో పడింది. చిన్నాన్న కొడుకులు సారుని గోడకేసి గుద్దారు. ఆ ముసలి ఒళ్ళు గోడకి తగిలిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను మధ్యలో దూరి అరిచాను. ఎవరి మోచెయ్యో నా పక్కటెముకల్లో దిగింది.

"ఎవడు వీరుడు?" అని అరుస్తున్నారు సారు. "నేనా? నన్నడుగు, నేను చెప్తాను!"

ఆయన్ని కమిటీలోంచి తీసేశారు.

నేను మాత్రం పని మానలేదు. బొమ్మని కూడలికి చేర్చి నిలబెట్టాక, ఆవిష్కరణకి ముందు రోజు మిగిలిన అతుకులు వెయ్యాలని చెప్పి నిచ్చెన ఎక్కాను. పంకా మొదట్లో, కిందివైపుకి ఉన్న వంగిన రెక్క మీద, వెల్డింగు రాడ్డుతో అక్షరాలు పోశాను. వాళ్ళ ఊరి పిల్లలు చదివేది ఒడియా బడిలోనే కాబట్టి ఒడియాలో. పైన గుడ్డ కప్పారు. పేరు పెట్టానని పొడంపేటకి కబురు చేశాను.

ఆవిష్కరణకి కూడలి నిండిపోయింది. పూలదండలు, మైకు, బడిపిల్లల పాటలు. పెద్దమనిషెవరో తాడు లాగితే గుడ్డ జారింది. జనం ఈలలు వేశారు. చిన్నాన్న నుదుటి మీద కట్టుతో వేదిక మీద కూర్చున్నాడు. ముందు వరసలో ఎవరో పేరు పైకి చదివారు. చిన్నాన్న మొహం ఎర్రబడింది. నా వైపు చూడలేదు. పక్కనే ఉన్న వెల్డరుని పిలిచి, గ్రైండరు తెచ్చి దాన్ని అరగదీసెయ్యమన్నాడు, అక్కడే, అప్పుడే.

వెల్డరు నా మొహం చూశాడు. నేను వద్దని తల ఊపాను. చిన్నాన్న కొడుకు గ్రైండరు లాక్కుని తానే నిచ్చెనెక్కాడు. రవ్వలు లేచాయి. మొదటి అక్షరం పోయింది.

అప్పుడు పొడంపేట జనంలోంచి పడవ యజమాని భార్య గద్దె ఎక్కింది. ఎక్కి, మునివేళ్ళ మీద సాగి, వెనకనుంచి చెయ్యి చాపి, మిగిలిన అక్షరాల మీద అరచెయ్యి పెట్టింది. తిరుగుతున్న చక్రానికీ ఆమె వేళ్ళకీ మధ్య జానెడు కూడా లేదు.

"తియ్యి చెయ్యి!" అన్నాడు వాడు.

"నువ్వే తియ్యి!"

మరిదికి చక్రం, వదిన చెయ్యి మాత్రమే కనిపించి ఉంటాయి. చేతికి దొరికిన జెండా గొట్టం పీకి వాడి మోకాళ్ళ మీద కొట్టాడు. నిచ్చెన పడింది. గ్రైండరు తిరుగుతూనే కిందపడి, రాళ్ళ మీద గింగిర్లు కొడుతూ ఒకడి బూటు కోసేసింది. తర్వాత ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పలేను. కుర్చీలు లేచాయి. మరిదిని కిందపడేసి కడుపులో తన్నారు, గుడ్డ కట్టిన కంటి మీద తన్నారు. పొడంపేట ఆడవాళ్ళు చేపల గంపలకి కట్టే తాళ్ళతో బాదారు. ఒక రాయి నా నోటికి తగిలి ముందు పన్ను విరిగింది. పోలీసులు లాఠీలతో దిగారు. లాఠీ దెబ్బకి ఆమె ముంజేతి ఎముక విరగడం నేను కళ్ళారా చూశాను. ఆ చెయ్యి కిందకి వేలాడుతుంటే రెండో చెయ్యి అక్షరాల మీద పెట్టింది.

సారు జనంలో ఎక్కడ ఉన్నారో తెలీదు. ఆమెని కొట్టిన పోలీసు మీదకి వచ్చారు, లాఠీ రెండు చేతులా పట్టుకున్నారు. ఆ పోలీసు కుర్రాడు విదిలించాడు, అంతే. సారు గద్దె అంచు మీద పడ్డారు. తుంటి విరిగింది.

విమానానికి టార్పాలిన్ కప్పేశారు. కేసులు పెట్టారు, కొన్నాళ్ళకి రెండు పక్కలా రాజీ అయిపోయారు. ఒక రోజు చడీచప్పుడు లేకుండా టార్పాలిన్ తీసేశారు. మిగిలిన అక్షరాల జోలికి ఎవరూ వెళ్ళలేదు. వెళ్తే మళ్ళీ రక్తం కారుతుందని వాళ్ళకి తెలుసు. మొదటి అక్షరం లేకుండానే ఆ పేరు అలా ఉండిపోయింది. నాకు మళ్ళీ ఆ కూడలి కమిటీ నుంచి పని రాలేదు.

సారు మంచం దిగలేదు. చేతికి సిమెంటు కట్టుతో ఆమె ఒకసారి చూడటానికొచ్చింది. నేనే బస్టాండు నుంచి తీసుకెళ్ళాను. ఎండు కవళ్ళ చేపలు పొట్లం కట్టి తెచ్చింది. సారు ఆమెని కుర్చీ మీద కూర్చోమన్నారు. ఆమె గడప పక్కన నేల మీద కూర్చుంది.

"నీతో ఒక మాట చెప్పాలమ్మా," అన్నారాయన. "యుద్ధంలో ఒక నది మీద పడవలు పోతున్నాయి. వాటిలో శత్రు సైనికులు దాటుతున్నారని మాకు చెప్పారు. నేను విమానాన్ని కిందకి దించి కాల్చాను. అవే, అలాంటి గుళ్ళే. నీళ్ళు తెల్లగా లేచాయి. మిగిలినవాటిని వెనక్కి తిరిగొచ్చి మళ్ళీ కాల్చాను. విమానంలో కెమెరా ఉంటుంది. తర్వాత ఆ ఫిల్ము వేసి చూపించారు. పడవల్లో మేకలున్నాయి. సైనికులు మేకల్ని తోలుకుని పోరు కదమ్మా. అందరూ శభాష్ అన్నారు. నేనూ చెయ్యి కలిపాను."

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది.

"ఆల్లది ఏ ఊరు బాబూ?"

"తెలీదు."

"పేర్లూ?"

"తెలీదమ్మా."

"మావోడు ఇసకలో పడినపుడు మీరు ఒక్కరే దగ్గరకొచ్చినారు. నానది మర్సిపోను." ఆమె గొంతు గట్టిపడింది. "ఆ పడవలోల్ల కాడికి ఎవులూ ఒచ్చుండరు. దానికి నన్నేటి సెప్పమంటారు? నాను సెప్పకూడదు. సెప్పాల్సినోల్లు బతికి నేరు."

సారు కళ్ళు మూసుకుని తల ఊపారు. ఆమె లేచి, పొట్లం మంచం పక్కన పెట్టి, "ఏపుడు సేయించుకుని తినండి, మెత్తబడిపోతాది," అని బయటికొచ్చింది.

వానాకాలం ముగిసేలోపే సారు పోయారు. చిన్నాన్న వచ్చి పాడె మోశాడు.

ఆమె సారుని చూసి వెళ్ళిన రోజు, బస్టాండులో గంజాం బస్సు కోసం నిలబడ్డపుడు, తన సంగతి చెప్పింది. మరిది మళ్ళీ వేటకి పోతున్నాడట. ఒంటి కంటికి కెరటం ఎంత దూరంలో ఉందో తెలియక, పడవ అడ్డం తిరిగి, ఒకసారి మునగబోయాడట.

"ఇంక నానూ పడవెక్కుతాను. ముందు కూకుని కెరటం సెప్తాను."

మా వైపు బెస్తవాళ్ళలో ఆడవాళ్ళు పడవెక్కరు. సముద్రానికి కోపమొస్తుందంటారు. ఊరు ఒప్పుకుంటుందా అని అడిగాను.

"ఒప్పుకోరు. కొడతారు," అంది. బస్సు వచ్చి ఆగింది. కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి జనాన్ని తోసుకుంటూ ఎక్కి, మెట్టు మీదనుంచి వెనక్కి తిరిగింది. "కొట్టనీండి. నానూ కొడతాను."